నిత్యస్తుతి ఒంటరి పని కాదు

(చివ్వెంలలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేర ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పంతులుగారిని గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. వారంలో ఆరు రోజులు బడి చెప్పారు, ఏడో రోజు వాక్యం చెప్పారు. నాకు గుర్తున్నది వేరే సంగతి. చిన్నప్పుడు పాటలో నా అపశ్రుతి భరించలేక నన్ను వెనక వరసకు తోలి, తాళం మాత్రం వెయ్యమన్నారు. పాడవలసినవాణ్ని పాటల మీద మాట్లాడేవాణ్ని చేసింది ఆయనే. ఈ గౌరవాన్ని తలవంచి తీసుకుంటున్నాను. ఇక నా పాత తగాదాకు వస్తాను.

మన క్రైస్తవ సంఘ చరిత్ర, కీర్తన చరిత్ర మీకు కొత్తవి కావు. పురుషోత్తమ చౌదరి (1803–1890) సంప్రదాయ కీర్తన మట్టులో క్రీస్తును పాడిన వైనం, 1878లో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం, 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు ఫ్రీసెన్ నల్గొండలో బాప్టిస్టు మిషను కేంద్రం పెట్టడం, ఇవన్నీ ప్రతి జూబిలీ సంచికలోనూ ఉంటాయి. దాటేద్దాం.

తగాదా ఇది. దేవుణ్ని ఎల్లవేళలా స్తుతించమన్న ఆజ్ఞ ఎవరికి? నేను గౌరవించే కొందరు పండితులు అది విశ్వాసి ఏకాంతానికి సంబంధించినదనీ, ఆదివారం కూడిక దానికి అలంకారం మాత్రమేననీ రాస్తున్నారు. వారు ముందుగా పిలిచే సాక్షి దావీదు. 34వ కీర్తన శత్రురాజు ముందు వెర్రివాడిలా నటించి ప్రాణం దక్కించుకున్న ఒంటరివాడి పాట కదా అంటారు. ఒప్పుకున్నాను. కాని మూడో వచనానికే అతడు తనతో కలిసి పాడమని జనాన్ని పిలుస్తాడు. పదకొండో వచనంలో పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పుతానంటాడు. ఆ కీర్తన హెబ్రీ అక్షరక్రమంలో కట్టినది. కంఠస్థం చేసేవాళ్లకు అనువైన కట్టు అది. ఏకాంతానికి ఆ ఏర్పాటెందుకు? తరవాతి కథ చూడండి: అదుల్లాము గుహకు వెళ్లేసరికి దావీదు చుట్టూ నాలుగు వందల మంది పోగయ్యారు.

రెండో సాక్షి దానియేలు. గదిలో ఒక్కడే రోజుకు మూడుసార్లు మోకరించాడంటారు. నిజమే. అయితే రెండో అధ్యాయంలో అతడు ముగ్గురు స్నేహితులను ప్రార్థనకు పురికొల్పాకే రాజు కల మర్మం బయటపడింది. స్తుతి ఆ తరవాతిది. మూడో సాక్షి ఏలీయా, నేనొక్కణ్నే మిగిలానని మొరపెట్టుకున్నవాడు. అతడికి వచ్చిన జవాబు ఇంకా ఏడు వేల మంది ఉన్నారని.

అసలు మనిషన్నవాడు నిద్రపోతాడు, జబ్బుపడతాడు, ఏడుస్తాడు. ఆగని స్తుతి ఒక్క గొంతుతో సాధ్యం కాదు. అది కాలువ నీళ్లలా వంతులవారీగా పారవలసిందే. దేవాలయంలో ఏర్పాటు అదే. మొదటి దినవృత్తాంతాల 25వ అధ్యాయంలో 288 మంది గాయకులను 24 వంతులుగా చీట్లు వేసి విభజించారు. గురువనీ శిష్యుడనీ తేడా చూడలేదు. ఐదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో నిద్రలేని సన్యాసులని పేరుపడ్డవారు వంతులమీద రేయింబవళ్లు పాడారు. 515లో స్థాపించిన అగౌన్ మఠం ఆ పద్ధతికే పేరుపొందింది. 1727లో హెర్న్‌హుట్‌లో మొరేవియనులు గంటలు పంచుకుని మొదలుపెట్టిన ప్రార్థన నూరేళ్లకు పైగా సాగిందని వాళ్ల చరిత్ర చెబుతుంది.

ఇక్కడ నా మీదికి ఒక గట్టి ప్రశ్న వస్తుంది. మంచాన పడ్డ ముసలమ్మ కూటానికి రాలేదు. ఆమె స్తుతి తక్కువదా? కాదు. ఆమె మూలిగే పల్లవి పదిమందిలో నేర్చుకున్నదే. ఆమెకు గొంతు పెగలని పూట సంఘం ఆమె వంతు కూడా పాడుతుంది.

మరికొందరు ఆ 288 మందిని చూపించి, అయితే మా ఆరాధన బృందం తప్పేమిటంటారు. వేదిక మీద కీబోర్డు, ప్యాడ్లు, ఆరు మైకులు. కింద సంఘం చేతులెత్తి వింటూ ఉంటుంది. మందసం వచ్చిననాడు పాట ముగియగానే జనమంతా ఆమేన్ అని స్తుతించారన్న అదే గ్రంథం, మొదటి దినవృత్తాంతాల 16వ అధ్యాయం వీరు చదవరు. జనం నోరు తెరవడం ఆ వృత్తాంతంలో భాగం. హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనా మందిరంలో భక్తసింగ్ (1903–2000) నడిపిన ఆరాధన చూసినవారికి నేను చెప్పక్కర్లేదు. సంఘంలో ఎవరికి ప్రేరణ కలిగితే వారు లేచి స్తుతించేవారు. గంటలు గడిచేవి.

ఒకరి స్తుతిని పదిమంది అందుకునే ఈ విద్యను మన పల్లెలకు ఎవరూ దిగుమతి చేయలేదు. ఈ మండలంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ఒకరు ‘ఓ లింగా’ అంటే వందల గొంతులు అందుకోవడం మీరంతా విన్నదే. విశ్వాసం వేరు. అందుకోవడం మాత్రం ఈ నేల విద్య. కీర్తన ఇక్కడ నిలిచింది అందుకే. చదువు రాని సంఘానికి పల్లవి చాలు. ఒకరు చరణం పాడి ఊపిరి తీసుకునేలోగా సంఘం పల్లవి ఎత్తుకుంటుంది, స్తుతి తెగదు. పండితులు కట్టిన కీర్తన మాల మాదిగ పల్లెల్లో అరువు సొమ్మేనన్న విమర్శకు నా జవాబు కూడా ఇదే. పల్లవి ఎత్తుకున్నవాళ్లదే పాట.

నేను ఇప్పుడు చేస్తున్న పని దీని మీదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. చివ్వెంల, మునగాల, పెన్‌పహాడ్ మండలాల్లో పుస్తకం చూడకుండా పాడే అమ్మలు అదే పాటను మరో నడకలో పాడుతున్నారు. సంగీతజ్ఞులు దాన్ని తప్పంటారు. నేను ఆ నడకలను స్వరపరచి, అచ్చయిన రాగతాళాల పక్కనే పెట్టి ప్రకటించబోతున్నాను. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి రికార్డు చేయను. కూటంలో చేస్తాను, పల్లవి అందుకునేవాళ్లు ఉన్నప్పుడే.

కాపరులను నేను అడిగేది చందా కాదు. ఏ ఇంట్లో ఏ అమ్మకు పాత నడక గుర్తుందో చెప్పండి, ఒక సాయంత్రం కూటం పెట్టండి. నాతో విభేదించే పండితులకు కూడా ఇదే ఆహ్వానం. వచ్చి వినండి. విన్నాక కూడా స్తుతి ఒంటరి పనేనంటే, పల్లవి దగ్గర నోరు మూసుకుని చూపించండి.