మన్యం పోరు కాగితాలు: చూపించడం ఎలా, వినిపించడం ఎలా
(ప్రసంగ పాఠం)



1922–24 పోరాటం మీద మన సంఘం చిన్న ప్రదర్శనశాల పెట్టాలనుకుంటోంది. ఆనాటి ఉత్తరాలు, డైరీలు ఎలా పెడితే బాగుంటుందో చెప్పమని నన్ను పిలిచారు. ఈ పనిలో నేనొకసారి తప్పు చేశాను. దాంతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒకచోట గాజు పెట్టెల్లో కాగితాల నకళ్లు, పక్కన ఒక టచ్ స్క్రీన్ పెట్టాం. పిల్లలు వేలితో జరుపుతూ పోయారు, ఒక్క వాక్యమూ చదవలేదు. ఒక ముసలమ్మ మాత్రం గాజు మీద చెయ్యి ఆనించి, "ఇందులో మా తాత ఏడీ బాబూ?" అంది. వెతికితే దొరికాడు. పట్టుబడ్డవాళ్ల జాబితాలో, ఇంగ్లీషులో, పేరు కూడా తప్పుగా. పక్కన రాసిన మాట ఆమెకు చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మనకు దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం అధికారులవి: రిపోర్టులు, టెలిగ్రాములు. ఇటువైపు నుంచి రాసినవాడు అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి, ఏమేం తీసుకెళ్లారో అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడని చరిత్రకారులు చెబుతారు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. మరి ఆ తుపాకులు మోసినవాళ్లు? వాళ్లలో చాలామందికి చదువు లేదు. వాళ్ల డైరీ వాళ్ల మనవల నోట్లో ఉంది.

అందుకని నేననేది ఇది. గాజు పెట్టె వద్దు, చెక్క సొరుగు పెడదాం. పిల్లవాడు సొరుగు లాగితే ఆ రోజు అధికారి రాసిన కాగితం నకలు కనిపించాలి, తెలుగు అనువాదంతో. దాని పక్కనే ఒక బొత్తాం. నొక్కితే అదే ఊరు, అదే రోజు గురించి మన పెద్దలు చెప్పినది వినపడాలి. కువిలో, కోయలో, ఆదివాసీ ఒడియాలో, తెలుగులో, ఎవరు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే. రెండూ కలవకపోతే కలవనివ్వండి. సరిదిద్దే పని మనది కాదు, రెండూ పక్కపక్కన ఉంచడమే మన పని. బొత్తాం బ్యాటరీతో పనిచేస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఫరవాలేదు. మన దగ్గర కరెంటు సంగతి నేను చెప్పాలా!

అసలు కాగితం ఎవరింట్లోనైనా దొరికితే దాన్ని ప్రదర్శనకు పెట్టకండి. వెలుతురుకు సిరా వెలిసిపోతుంది. కాగితాలున్నచోట వెలుగు 50 లక్స్ దాటనివ్వరు, అంటే మసక వెలుతురే. నకలు తీయించి, అసలుది బీరువాలో భద్రపరచండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, మళ్లీ ఊడదీయలేం.

ఇంకొక మాట. సర్కారు కాగితాల్లో ఈ పోరాటానికి 'రంపా పితూరి' అని పేరు. బడిపిల్లలకు పితూరి అంటే మాష్టారి దగ్గర చాడీలు చెప్పడమే. నవ్వుతారు. నవ్వనివ్వండి, కానీ ఆ పేరు ఎవరు పెట్టారో అక్కడే చెప్పండి. పట్టుబడ్డవాళ్ల జాబితా పెట్టినప్పుడు కూడా అధికారి రాసిన మాట చెరిపేయొద్దు. దాని కింద ఆ మనిషి పేరు సరిగా, ఊరి పేరుతో, పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ రోజు నేను చేయనిది అదే.

చివరి సొరుగు గాం మల్లుదొరది కావాలని నా కోరిక. అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అధికారుల జాబితాల్లోకెక్కిన పేరు పార్లమెంటు సభ్యుల జాబితాలోకీ ఎక్కింది. ఆ రెండు కాగితాలూ ఒకే సొరుగులో ఉండాలి.

భోజనాలయ్యాక వెనక గదిలో రికార్డరు పెట్టుకుని కూర్చుంటాను. తాతల మాటలు గుర్తున్నవాళ్లు దయచేసి రండి. ముందు మీ పేరు, మీ ఊరి పేరు మీ నోటితోనే చెప్పండి, ఈసారి తప్పు రాయను.