మన ఇంటి తారీఖులు - మన బాధ్యత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతులం. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు, పాఠం చెప్పే అలవాటే. కాబట్టి ఈ పది నిమిషాలూ పాఠంలాగే చెబుతాము, తప్పులుంటే మన్నించండి. కార్యదర్శిగారు విద్య మీద మాట్లాడమన్నారు. మేము మాత్రం ఇంటి సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాము. అదేమంటే, మన ఇళ్లలో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరి నిఖా ఎప్పుడైంది, ఎవరు ఎప్పుడు మనల్ని విడిచి వెళ్లారు అనేది మనకు గుర్తుందా?

ముందుగా మా తప్పు మేము ఒప్పుకుంటాము. మా ఆపాగారి భర్త, మా దుల్హాభాయ్, 2021లో కరోనా రెండో విడతలో పోయారు. ఆ రోజు మే 8, రంజాన్ 25. ఆ రోజులు ఎలాంటివో మీ అందరికీ తెలుసు. జనాజాకు నలుగురైదుగురికి మించి రానివ్వలేదు. మేము పక్క ఊళ్లోనే ఉండి కూడా భుజం ఇవ్వలేకపోయాము. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఏటా ఆయన బర్సీకి తప్పకుండా ఆపా దగ్గర ఉండాలని మనసులో అనుకున్నాము. మరిచిపోకూడదని ఫోనులో మే 8 అని రాసిపెట్టుకున్నాము కూడా.

2024 మే 8న పొద్దున్నే ఆపాకు ఫోను చేసి, సాయంత్రం వస్తున్నామని చెప్పాము. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నది: "ఏం భయ్యా, బర్సీ గడిచి నెల దాటింది కదా. రంజాన్ 25న ఇఫ్తారుకు వస్తావని ఖీర్ చేసుకుని కూర్చున్నా. మగ్‌రిబ్ అయింది, ఇషా అయింది, నువ్వు రాలేదు."

లెక్క చూసుకుంటే ఆ ఏడు రంజాన్ 25 ఏప్రిల్ 5న వచ్చింది. శుక్రవారం, జుమతుల్ విదా. ఆ సాయంత్రం మేము పిల్లలకు ఈద్ బట్టలు కొనడానికి బజారులో ఉన్నాము. ఆపా అల్లా పెట్టిన నెల ప్రకారం ఎదురుచూసింది. మేము గోడమీద క్యాలెండరు ప్రకారం గుర్తుపెట్టుకున్నాము. ఇద్దరికీ జ్ఞాపకం ఉంది, కానీ ఇద్దరం ఒక రోజున కలుసుకోలేదు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు, అదే మాకు ఎక్కువ కష్టమైంది.

పిల్లలకు ఈ లెక్క తెలియాలి గనుక చెబుతున్నాము. హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. నెలకు 29 లేక 30 రోజులు, ఏడాదికి 354 లేక 355 రోజులు. అంటే ఇంగ్లీషు ఏడాది కంటే పది పదకొండు రోజులు తక్కువ. మన దేశంలో మొదటి రోజా 2023లో మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న వచ్చింది. ఇలా వెనక్కి జరుగుతూ సుమారు 33 ఏళ్లకు మళ్లీ అదే ఋతువుకు వస్తుంది. ఇంకొక సంగతి. మన తారీఖు అర్ధరాత్రి మారదు, మగ్‌రిబ్‌తో మారుతుంది. గురువారం రాత్రి పోయినవారిని మన పెద్దలు జుమా రాత్రి పోయారని చెప్పేది అందుకే. కాబట్టి రోజు ఒక్కటే రాస్తే చాలదు, పొద్దు కుంకక ముందా తరువాతా అనేది కూడా రాయాలి.

మన పెద్దలకు తారీఖుల మీద శ్రద్ధ లేదని కొందరంటారు. అది నిజం కాదు. ఏడో రోజున అఖీఖా చేసినవారు, నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించినవారు తారీఖు తెలియకుండానే చేశారా? సాల్‌గిరా అనే మాట చూడండి. సాల్ అంటే ఏడాది, గిరహ్ అంటే ముడి. పుట్టినరోజు నాడు దారానికి ఏటా ఒక ముడి వేసి వయసు లెక్కపెట్టే ఆచారం నుంచి ఆ మాట వచ్చింది. చదువురాని తల్లి కూడా ముడులు లెక్కపెట్టి బిడ్డ వయసు చెప్పగలిగేది. మా నానీ నెలల పేర్లు అరబ్బీలో చెప్పేది కాదు. పీర్ల నెల, తేరా తేజీ, బారా వఫాత్, దస్తగీర్ నెల, ఖాలీ నెల, బక్రీద్ నెల అనేది. ఊరంతటికీ ఆమె క్యాలెండరు.

ఏళ్లకు సంఖ్యలు లేని చోట సంఘటనలే గుర్తు. మన ప్రవక్త (స) జన్మించిన ఏడును ఏనుగు సంవత్సరమన్నారు. హజ్రత్ ఖదీజా (ర), అబూ తాలిబ్ ఇద్దరూ పోయిన ఏడును దుఃఖ సంవత్సరమన్నారు. హిజ్రీ లెక్క తరువాత హజ్రత్ ఉమర్ (ర) కాలంలో ఏర్పడింది. మన వైపు పెద్దలు కూడా 1977 దివిసీమ ఉప్పెన ఏడనీ, 1979 మే తుపాను ఏడనీ చెప్పేవారు.

ఆ తుపాను నాటికి మాకు చిల్లా కూడా వెళ్లలేదని మా అమ్మీ చెప్పేది. కానీ మా సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ 1-7-1978. బడిలో చేర్చినప్పుడు వయసు చాలదని పంతులుగారు అలా వేశారు. అందువల్ల మేము పది నెలలు ముందే రిటైరు అవుతాము. నవ్వుతున్నారు, నవ్వండి. కానీ మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమూ అదే పని చేశాము. తల్లిదండ్రులు తెలియదంటే జూలై 1 అని వేసేశాము. మా పాత రిజిస్టరు తీసి చూస్తే ఒక తరగతిలో సగం మంది ఒకే రోజున పుట్టారు! వారిలో కొందరు ఈనాడు పాస్‌పోర్టుకూ ఆధార్ సవరణకూ తిరుగుతూ మా దగ్గరకు వస్తుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ సాకు లేదు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలియజేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. 2023లో వచ్చిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైంది. ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు అక్షరాలు తప్పుపడకుండా చూసుకోండి. మరణాల నమోదు కూడా అంతే ముఖ్యం. ఆ కాగితం లేక పింఛను కోసం తిరిగే వితంతువులను మన సంఘం ఎరుగును.

ఇక మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాము. ఆపా మాట విన్న తరువాత మా అబ్బాగారి పెట్టె తీశాము. ఆయన దర్జీ. కొలతల పుస్తకం ఒకటి ఉండేది. ముందు నుంచి చొక్కాల కొలతలు, వెనుక నుంచి ఇంటి తారీఖులు. అన్నీ ఉర్దూలో, రెండు లెక్కల్లోనూ. మా పుట్టుక కూడా ఉంది: సోమవారం, ఫజర్ తరువాత, జమాదిల్ అవ్వల్, 1979 ఏప్రిల్ 23. నలభై రోజులకే పోయిన మా చెల్లెలి పేరు ఉంది. ఆమెకు పేరు పెట్టారనే మాకు తెలియదు. చివర ఒక బట్టల దుకాణానికి 340 రూపాయలు బాకీ అని ఉంది, కొట్టివేత లేదు. ఆ దుకాణం కొడుకుల చేతిలో ఉంటే వెళ్లి ఇచ్చివచ్చాము. వాళ్లు వద్దన్నారు, తీసుకోక తప్పదన్నాము. పోయినవారి పేర ఫాతిహా చదివించడానికి ముందు వారి అప్పు తీర్చడం మన ధర్మం కదా.

ఆ పుస్తకం మా పిల్లలకు చూపించాము. వాళ్లు ఇంగ్లీషు మీడియం. మా అబ్బాయి అటూ ఇటూ తిప్పి, "దాదా ఏం రాశారు అబ్బా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లకు పైగా ఊరి పిల్లలకు ఉర్దూ చెబుతున్న మేము, మా ఇంట్లో మా తండ్రి చేతిరాత చదివేవారు మాతోనే ఆఖరు అని ఆ రోజు తెలుసుకున్నాము. పిల్లలకు ఉర్దూ నేర్పండి అని మళ్లీ మళ్లీ అడుగుతాము. అంతవరకు ఆగకుండా, ఆ తారీఖులన్నీ ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక కొత్త పుస్తకంలో ఎక్కించాము. మా అబ్బాయే తెలుగు వైపు రాశాడు.

పుట్టినరోజు చేయవచ్చునా, బర్సీ చేయవచ్చునా అనే చర్చ ఉలమాలకు వదిలిపెడదాము. మన ప్రవక్త (స) సోమవారం ఉపవాసముండి, అది తాము పుట్టిన రోజని చెప్పినట్లు హదీసులో ఉంది. హజ్రత్ ఖదీజా (ర) పోయిన తరువాత కూడా, ఇంట్లో మేకను కోస్తే ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారని ఉంది. గుర్తుంచుకోవడమంటే ఇది. ఖర్చుతో పనిలేదు.

కాబట్టి మా మనవులు నాలుగు.

ఒకటి: ప్రతి ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. పుట్టుక, నిఖా, మరణం, రెండు లెక్కల తారీఖులతో, వారంతో, వేళతో రాయండి. పాత కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటే దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు ఏడు వస్తుంది. ఇంట్లో వృద్ధులు ఉండగానే అడిగి రాసుకోండి.

రెండు: పిల్లల పుట్టినరోజు కేకుకు పెట్టే దానిలో సగం ఒక పేదపిల్ల నోటుపుస్తకాలకు ఇవ్వండి, ఆ బిడ్డ చేతులతోనే ఇప్పించండి.

మూడు: పెళ్లిరోజున భార్యకు కానుక ఇచ్చేవారు ముందుగా నిఖానామా తీసి చూడండి. మహర్ చెల్లించారా? చెల్లించకపోతే అది అప్పు. దానికంటే మంచి కానుక లేదు.

నాలుగు: మన ఖబరస్తాన్‌లో ఎవరి ఖబర్ ఎక్కడ ఉందో సంఘం ఒక రిజిస్టరు పెట్టాలి. వానలకు మట్టి కుంగి గుర్తు పోతున్నాయి. షబే బరాత్ రాత్రి తండ్రి ఖబర్ ఏదో తెలియక అందాజాగా నిలబడి దువా చేసేవారిని మేము చూశాము. రాసే పని మేము చేస్తాము, ఆదివారాలు మాకు సెలవే.

చివరగా ఒక్క మాట. 2025లో రంజాన్ 25 మార్చి 26న వచ్చింది. ఆ రోజు అసర్ నమాజు కాగానే మేము పిల్లలతో ఆపా ఇంట్లో ఉన్నాము. ఆమె ఖీర్ చేసింది. దుల్హాభాయ్ గురించి మా పిల్లలకు తెలియని సంగతులు ఎన్నో చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "వచ్చే ఏడు ఏ తారీఖో ఇప్పుడే చూసి చెప్పిపో" అన్నది. చాంద్ కనబడాలి కదా ఆపా, అన్నాము.

అల్లా మన పోయినవారిని మన్నించుగాక, ఉన్నవారి మధ్య ప్రేమ నిలుపుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.