మధుమేహము – దేహశ్రమ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయము వెలసినది. నాటి నుండి ఈ ప్రాంతమున గ్రంథాలయమనగా కావ్యములు చదువుకొను చోటు మాత్రమే కాదు. బ్రతుకునకు పనికివచ్చు సంగతులను నలుగురు కూడి తెలిసికొను చోటు కూడ. కావున ఇంటింట వినవచ్చుచున్న చక్కెర వ్యాధిని గూర్చి నాలుగు మాటలు ఇచట అప్రస్తుతములు కావు.

భారత వైద్య పరిశోధనా మండలి వారి దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము దేశమున 10.1 కోట్ల మందికి మధుమేహము గలదు. వయోజనులలో పట్టణముల యందు నూటికి 16.4, పల్లెల యందు 8.9 మంది రోగులు. పల్లెకు ఈ జబ్బు రాదను ధైర్యమునకు ఇక తావు లేదు.

కారణములు పెక్కులు గలవు: వంశము, వయస్సు, తిండి, నిద్రలేమి. వానిలో ఒకటి కన్నులయెదుటనే జరిగినది. జనగామ మెట్టభూములలో మోట తోలిన చేతులు నేడు మోటారు మీట నొక్కుచున్నవి. మహబూబాబాదు చేలలో అరక వెంట నడచిన కాళ్ళు ట్రాక్టరుపై విశ్రమించినవి. భూపాలపల్లి బొగ్గుగనులలో యంత్రముపై కూర్చుండి చేయు పనులు పెరిగినవి. రోకటి పోటు నిలిచి, మరపట్టిన తెల్లబియ్యము మూడుపూటల కంచములోనికి వచ్చినది. బమ్మెర పోతన నాగలి పట్టెనని తరతరముల ప్రతీతి. నేడు ఆ బమ్మెరలోను నాగలి వెనుక నడచువారు అరుదు. యంత్రము వలన కలిగిన సుఖమును నిందింప బనిలేదు. కాని దేహమునకు తప్పిన శ్రమను వేరొక త్రోవను తీర్పవలసియున్నది.

ఈ సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున ప్రమేహరోగికి వ్యాయామము విధింపబడినది. ధనహీనుడైన రోగి చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నముతో, ఊరికొక రాత్రి చొప్పున నిలుచుచు నూరు యోజనములు నడువవలెననియు, బావి త్రవ్వవచ్చుననియు అందు గలదు. ఇందు నడకను గ్రహింపవలెను గాని, చెప్పులు లేమిని గ్రహింపరాదు. మధుమేహమున పాదములకు స్పర్శ తగ్గును. ముల్లు నాటినను తెలియదు. పుండు ముదిరి కాలికే ముప్పు రావచ్చును.

నడకకు చక్కెర ఏల దిగును? కండరము పనిచేయుటకు శక్తి కావలెను. ఆ శక్తి రహస్యమును విప్పినవారిలో తెలుగువాడొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్కేతో కలిసి 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొనెను. కండరము వ్యయపరచు నాణెము ఈ ఏ.టి.పి.యే. దానిని తిరిగి కూర్చుటకు గ్లూకోజు ఒక ముడిసరుకు.

గ్లూకోజు కండరములోనికి పోవుటకు సాధారణముగా ఇన్సులిన్ ద్వారము తెరువవలెను. రెండవ తరగతి మధుమేహమున ఇన్సులిన్ ఉన్నను ఆ ద్వారము మొరాయించును. అయితే కండరము ముడుచుకొని విచ్చుకొనునపుడు గ్లూట్-4 అను వాహకములు ఇన్సులిన్ పిలుపు లేకయే కణపు అంచునకు వచ్చి గ్లూకోజును లోనికి గొనిపోవును. పని ముగిసిన పిదప సైతము ఒకటి రెండు దినములు కండరము ఇన్సులిన్ మాట బాగుగా వినును. అందుచేతనే వరుసగా రెండు దినములకు మించి వ్యాయామము మానరాదని వైద్యుల హితవు.

ఇక ఆక్సీకరణ ఒత్తిడి. కణము ప్రాణవాయువుతో ఇంధనమును మండించునపుడు కొన్ని చురుకైన అణువులు నిప్పురవ్వల వలె వెలువడును. రక్తమున చక్కెర దీర్ఘకాలము మిక్కుటమైనచో ఈ రవ్వలు హద్దు మీరి రక్తనాళములను, ఇన్సులిన్ తయారుచేయు కణములను దెబ్బతీయును. బీడి, చుట్ట పొగ ఆ నిప్పునకు ఆజ్యము.

వ్యాయామమునను ఈ రవ్వలు పుట్టును. మరి అది హాని కాదా యని శంక. భేదము కొలతలోనున్నది. కొంతసేపు పుట్టి చల్లారు రవ్వలను చూచి కణము మేలుకొని తన రక్షక ద్రవ్యములను తానే పెంచుకొనును. దున్నెడి కర్రు అరిగినను మెరయును. మూలనున్న కర్రు త్రుప్పు పట్టును. 2009లో జర్మనీలో రిస్టో ప్రభృతులు ఆరోగ్యవంతులైన యువకులచే నాలుగు వారములు వ్యాయామము చేయించిరి. విటమిన్ సి, ఇ బిళ్ళలు మింగని వారికి ఇన్సులిన్ పనితనము మెరుగుపడెను, మింగినవారికి మెరుగుపడలేదు. తరువాతి కొన్ని పరిశోధనలలో ఇట్టి ఆటంకము కనబడలేదు. అయినను బిళ్ళ నడకకు బదులు కాదనుట నిశ్చయము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించిన పరిశోధన కూడ గమనింపదగినది. మధుమేహము కల్పించిన ఎలుకలకు పసుపు పెట్టగా ఆక్సీకరణ ఒత్తిడి తగ్గి కంటి శుక్లము ఆలస్యమయ్యెను. కాని రక్తములోని చక్కెర దిగలేదు. పసుపును వంటలో వాడుట మంచిదే; దానిని నమ్మి మందు మానుట ప్రమాదము.

చెన్నైలో డాక్టరు రామచంద్రన్ ప్రభృతులు మధుమేహపు గడపలోనున్న 531 మందిని పరిశీలించి 2006లో ఫలితములు వెల్లడించిరి. ఆహార నియమము, వ్యాయామము పాటించినవారిలో వ్యాధి పొందు అవకాశము 28.5 శాతము తగ్గెను. మెట్‌ఫార్మిన్ బిళ్ళ వలన తగ్గినది 26.4 శాతము.

ఆచరణ సులభము. వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ చురుకుగ నడువవలెను. భోజనానంతరము పది పదిహేను నిమిషముల నడక మిగుల మేలు. వారమున రెండు దినములు బరువు లెత్తుట వంటి కండబలపు పని కావలెను. మిరపకోతల కాలమున ఒళ్ళు వంచి, తక్కిన నెలలు కూర్చుండిన చాలదు. ఇన్సులిన్ గాని, చక్కెరను మిక్కిలి దింపు బిళ్ళలు గాని వాడువారు పరగడుపున శ్రమింపరాదు. జేబులో చక్కెర పొట్లము నుంచుకొనవలెను. చెమట, వణకు, కన్నులు చీకట్లు క్రమ్ముట కలిగినచో వెంటనే దానిని నోట వేసికొనవలెను. గుండెనొప్పి, కంటిజబ్బు, కాలిపుండు గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలిడవలెను.

తాతల తరమునకు శ్రమ విధిగా వచ్చినది. మనుమల తరము దానిని కోరి తెచ్చుకొనవలెను. ఈ రజతోత్సవమునకు బండ్లపై వచ్చినవారు రేపటి నుండి సాయంకాలము పత్రిక చదువుటకు నడచి వత్తురు గాక! గ్రంథాలయమును, గ్రామమును ఆయురారోగ్యములతో వర్ధిల్లు గాక!