చనుమొనల నొప్పి – ఓర్చుకోవలసినది కాదు
(మహిళా సభ్యుల సమావేశంలో ఒక లేడీ డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది మనవాళ్లు నోరు విప్పి చెప్పుకోని విషయం. భర్తతో చెప్పరు, అత్తగారితో చెప్పరు, ఆఖరికి డాక్టరు దగ్గర కూడా నసుగుతారు. అదే చనుమొనల నొప్పి. సిగ్గుపడి దాచుకుంటే చిన్న బాధ పెద్దదవుతుంది గనుక ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం.

ఒకసారి తొలికాన్పు అమ్మాయిని ఆమె అత్తగారు నా దగ్గరకు తీసుకొచ్చారు. పన్నెండు రోజుల బాలింత. చనుమొనలు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆ పిల్లకు గుండె దడ. "మాకూ ఇంతే అయింది, ఓర్చుకోమన్నాను. ఇక డబ్బాపాలు పట్టిద్దామనుకుంటున్నాం" అన్నారు అత్తగారు. నేను మందు రాయలేదు. "నా ముందు పాలివ్వమ్మా, చూస్తాను" అన్నాను. చూస్తే బిడ్డ నోట్లో చనుమొన కొస మాత్రమే ఉంది. జబ్బంతా అక్కడే! పట్టు సరిచేయగానే ఆ పూటే నొప్పి చాలా తగ్గింది.

బాలింతల్లో ఈ నొప్పికి ముఖ్య కారణం ఇదే. మొదటి రోజుల్లో బిడ్డ పట్టుకోగానే కాసేపు సలపడం మామూలే. పాలు తాగినంతసేపూ నొప్పి ఉంటే మాత్రం పట్టు తప్పిందన్నమాట. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేలా ఎత్తుకోవాలి. బిడ్డ నోరు బాగా తెరిచాకే దగ్గరకు తీసుకోవాలి. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. విడిపించేటప్పుడు లాగకండి. శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెడితే పట్టు దానంతటదే వదులుతుంది.

పగుళ్లకు ఖరీదైన మందులు అక్కరలేదు. పాలిచ్చాక రెండు చుక్కల చనుబాలు రాసి గాలికి ఆరనివ్వండి. మాటిమాటికి సబ్బుతో కడగకండి, చర్మం ఎండి ఇంకా పగులుతుంది. తడిసిన గుడ్డ వెంటనే మార్చండి.

పట్టు సరిగ్గా ఉన్నా నొప్పి తగ్గకపోతే వేరే కారణం వెతకాలి. మంటగా, సూదులు గుచ్చినట్టు ఉండి, బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్లపూత కనిపిస్తే అది బూజు వల్ల కావచ్చు. అప్పుడు తల్లికీ బిడ్డకీ కలిపి వైద్యం జరగాలి. కొందరు బిడ్డలకు నాలుక కింద పొర బిగుతుగా ఉండి పట్టు కుదరదు. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే పాలు మానిపించకండి. గట్టిగా పిసకకండి. చల్లని తడిగుడ్డ వేసి, డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేస్తే చీముపట్టవచ్చు.

పాలివ్వని ఆడవాళ్లకూ ఈ నొప్పి రావచ్చు. నెలసరి ముందు రెండు వైపులా సలిపి, తర్వాత తగ్గిపోతుంది. కొందరికి గర్భానికి ఇది తొలి గుర్తు. బిగుతు లోదుస్తుల రాపిడి, పడని సబ్బు కూడా కారణాలే.

ఇక జాగ్రత్తగా వినండి. నొప్పి ఒక్కటే ఉంటే అది కేన్సరు కావడం అరుదు. కాని ఒక వైపే దురద, పొలుసు, మానని పుండు ఉన్నా, చనుమొన నుంచి నెత్తురు కారినా, కొత్తగా లోపలికి లాక్కుపోయినా, గడ్డ తగిలినా వెంటనే చూపించుకోవాలి. ఒక వైపే వచ్చే ఆ పొలుసు పుండును 1874లో జేమ్స్ పేజెట్ అనే వైద్యుడు వివరించాడు. చూడటానికి గజ్జిలా ఉంటుంది గాని లోపల కేన్సరు ఉండవచ్చు. కేన్సరు గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. "నొప్పి లేదు గదా" అని ఊరుకోవడమే ప్రమాదం.

పెద్దలకు ఒక మనవి. కోడలు నొప్పి అంటే "ఓర్చుకో" అనకండి, పక్కన కూర్చుని బిడ్డ పట్టు చూడండి. ఆనాటి అత్తగారు వెళ్తూ, "మా రోజుల్లో ఈ మాట చెప్పేవాళ్లు లేకపోయారు డాక్టరమ్మా" అన్నారు. ఇప్పుడు మీరందరూ విన్నారు. ఇంటికెళ్లి నలుగురికీ చెప్పండి. ఇక సెలవు.