క్రిస్మస్ ముందు వారం

డిసెంబరు మూడోవారమంటే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో ఊపిరాడని పని. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి నూర్పిళ్లు, నల్లరేగడిలో శనగ చేలు. యాగంటి, అహోబిలం దారుల్లో ధనుర్మాసపు భక్తుల రద్దీ. క్రిస్మస్ పండుగ పనులూ సరిగ్గా అప్పుడే.

నంద్యాలలో ఈ పండుగ పాతదే. ఎస్.పి.జి. ఆంగ్లికన్ మిషన్ ఇక్కడ బడులు, చర్చిలు కట్టింది. 1947లో ప్రొటెస్టంట్ చర్చిలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. ఏళ్ల తర్వాత కలిశారు.

ఇక ఇంటి సంగతి. పొద్దున కూలికి పోయిన తల్లి సాయంత్రం వచ్చి గోడలకు సున్నం వేస్తుంది, అరిసెలకు బియ్యం నానబోస్తుంది, కొత్త బట్టలు కుట్టడం అయిందేమో చూసిరమ్మని పిల్లాణ్ణి టైలరు దగ్గరికి తరుముతుంది. రాత్రి కేరల్స్ బృందం డప్పుతో గడపలోకొస్తే, నిద్రకళ్లతోనే లేచి టీ పెడుతుంది. ఇంత బరువూ ఆమె ఒక్కదానిమీదే పడటం నాకు న్యాయంగా తోచదు. సున్నం బకెట్టు మగవాళ్లు అందుకోవచ్చు. హైదరాబాదు, బెంగళూరు నుంచి 24 సాయంత్రానికి దిగే కొడుకులూ ఒక రోజు ముందే బయల్దేరితే పిండి దంచడానికి ఇంకో చెయ్యి దొరుకుతుంది.