పిట్యూటరీ కణితి: ట్యాగ్ వేసిన బ్రేకు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాను, ఇంజనీర్ని. అయినా మన పెందుర్తి బడిలో చదువుకున్న పీయూష గ్రంథి గురించి నాలుగు మాటలు చెబుతాను. మెదడు అడుగున శనగగింజంత ఉండే ఈ పిట్యూటరీ గ్రంథి ఎదుగుదల, థైరాయిడ్, సంతానం అన్నిటినీ నడిపిస్తుంది. ఇందులో వచ్చే కణితులు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. కానీ కణితి పెరిగి కంటి నరాన్ని నొక్కితే పక్కచూపు పోతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఆక్రోమెగలీ వస్తుంది.

కణితి ఎందుకు పెరుగుతుంది? ప్లాంటులో మరమ్మతు చేసేటప్పుడు బ్రేకర్ ఆపి ట్యాగ్ వేస్తాం. యంత్రం బాగానే ఉంటుంది, ట్యాగ్ తీసేదాకా పనిచేయదు. మన జన్యువుల మీదా మిథైల్ అనే ట్యాగులు పడతాయి. ఇలాంటి గుర్తులను చదివే శాస్త్రమే ఎపిజెనెటిక్స్. కణ విభజనకు బ్రేకు వేసే పి16 జన్యువు చాలా పిట్యూటరీ కణితుల్లో విరిగిపోలేదు, ట్యాగ్ పడి మూగబోయింది. 1990లలోనే ఈ సంగతి తేలింది. మెగ్3 అనే మరో జన్యువుదీ ఇదే కథ.

విరిగిన బ్రేకును బాగుచేయడం కష్టం. ట్యాగ్ అయితే తీయవచ్చు. ఆశంతా అక్కడే ఉంది. ట్యాగులు తీసే అజాసైటిడిన్ మందుకు ఎముక మజ్జ జబ్బు ఒకదానికి అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. చిక్కేమిటంటే, అది ఉండాల్సిన ట్యాగులనూ తీసేస్తుంది. అందుకే పిట్యూటరీ విషయంలో ఈ దారి ఇంకా పరిశోధన దశ దాటలేదు.

ఈలోగా చేతిలో ఉన్న వైద్యం తక్కువేమీ కాదు. ప్రొలాక్టిన్ కణితులు ఎక్కువమందిలో క్యాబర్గోలిన్ మాత్రలతోనే తగ్గుతాయి. ఆపరేషన్ అవసరమైతే చాలావరకు ముక్కు ద్వారానే చేస్తారు. మన కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

అసలు నష్టం ఆలస్యంతోనే. ఆక్రోమెగలీ బయటపడేసరికి చాలాసార్లు ఏళ్లు గడిచిపోతాయి. ఉంగరం బిగుస్తుంది, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకొస్తుంది. అంతా మెల్లగా జరగడంతో రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియదు. అందుకే డాక్టర్లు పాత ఫొటోలు తెమ్మంటారు.

ఏళ్ల తరబడి చూడకుండా ఇవాళ కలిసిన మనకు ఆ తేడా కనిపించవచ్చు. పాత గ్రూపు ఫొటోలు చూసుకునేటప్పుడు ఎవరి ముఖమైనా, చేతులైనా వయసుకు మించి మారినట్టు అనిపిస్తే ఎగతాళి చేయకండి. పక్కకు పిలిచి, "ఒకసారి ఐజీఎఫ్-1 రక్తపరీక్ష చేయించుకోరా" అని చెప్పండి. ట్యాగ్ తీసే మందు వచ్చేదాకా స్నేహితులుగా మనం చేయగలిగిన పని అదే.