చెరువుకు వచ్చే చలికాలపు చుట్టం
(సాయంత్రం చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)



రోజూ పొద్దున పనికి పోతూ చెరువు కట్ట మీదుగా నడుస్తాం. ఒక్క నిమిషం ఆగి నీటి వైపు చూస్తున్నామా? ఈ చలికాలంలో చూడండి. మన హైదరాబాదు చెరువులకు ఒక చుట్టం వస్తుంది. అది ఒక గద్ద. కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్ద కాదు. దీని తిండి దాదాపు అంతా చేపలే. ఇంగ్లీషులో ఆస్ప్రే అంటారు. మనం చేపల గద్ద అందాం.

ఎక్కడి నుంచి వస్తుంది? హిమాలయాల నుంచి, వాటికి అవతల ఉన్న చలి దేశాల నుంచి వస్తుంది. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. కుండకు మూత పెట్టినట్టు నీటిని మంచు కప్పేస్తుంది. చేపలు కింద, గద్ద పైన. మరి బతికేదెట్లా? అందుకే వలస బయలుదేరుతుంది. కరువొస్తే పల్లె విడిచి పట్నం వచ్చామే, అట్లాగే. అక్టోబరు ప్రాంతంలో వస్తుంది. ఎండలు ముదిరేలోగా తిరిగి పోతుంది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ చెరువు. ఇలాంటి చోట్ల దీన్ని చూడొచ్చు. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. ఆ తర్వాతే మొదటి రెండు చెరువులూ కట్టారు. అమీన్‌పూర్ చెరువు ఇంకా పాతది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇవన్నీ మనుషులు కట్టుకున్న చెరువులే. పక్షికి ఆ తేడా లేదు. నీళ్లుండాలి, చేపలుండాలి.

గుర్తు పట్టడం ఎలా? పట్నంలో రోజూ కనబడే గద్ద ఒళ్లంతా గోధుమ రంగు. తోక చివర చీలి ఉంటుంది. చేపల గద్దకు వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. తల కూడా తెలుపే. కంటి మీదుగా నల్లటి పట్టీ ఉంటుంది. తోక చీలి ఉండదు. రెక్కలు చాపితే అయిదడుగుల పైనే.

అది వేటాడేటప్పుడు చూడాలి. నీటి మీద ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. చేప కనబడగానే కాళ్లు ముందుకు చాచి దబ్బున నీళ్లలో పడుతుంది. చేప జారదా? జారదు. మనం చేప తోమేటప్పుడు జారకుండా బూడిద అద్దుకుంటాం. దాని అరికాళ్లకు పుట్టుకతోనే గరుకు ముళ్లున్నాయి. పైకి లేచాక ఒళ్లు విదిలించుకుంటుంది. చేప తలను ముందుకు తిప్పి పట్టుకుని ఎగిరిపోతుంది.

మొన్న చేపలు పట్టే ఒక అన్న నన్ను అడిగాడు: "సారూ, అది మా చేపలు తింటది గదా! దాన్ని చూసి సంబరపడాల్నా?"

న్యాయమైన ప్రశ్నే. అది రోజుకు తినేది అర కిలో లోపే. అదీ పైపైన తిరిగే చేపల్నే. లోతుకు మునగలేదు. నేను ఆ అన్నను తిరిగి అడిగాను: "అన్నా, మరి ఆ ఏడాది మన చెరువులో చేపలన్నీ ఒక్క రాత్రిలో చచ్చి తేలాయి. అది గద్ద పనేనా?"

అన్న మాట్లాడలేదు. ఆ పొద్దు మీకూ గుర్తుండే ఉంటుంది. కట్టంతా కంపు. వలలు ఇంటికి తెచ్చుకుని కూర్చున్నారు. ఎవరో మురికి నీళ్లు వదిలారన్నారు. మనం ఆఫీసుకు పోయాం. "ఏ తేదీన జరిగింది? అంతకు ముందు నీళ్లెట్లా ఉన్నాయి?" అని అడిగారు. తలా ఒక మాట చెప్పాం. ఎవరి దగ్గరా రాసి లేదు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఆ చలికాలం చేపల గద్ద మన చెరువు మీద కనబడలేదు. చేప లేని చోట దానికేం పని? గద్ద వచ్చిందంటే చెరువులో చేపలున్నాయన్న మాట. అది రావడం మానేస్తే మనం నీళ్ల వైపు చూడాలి. ఆ నీళ్లే మన బోర్లలోకి ఇంకుతాయి.

ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. అందుకే ఒక చిన్న పని చెబుతున్నాను. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ వేయండి. చెరువు పేరు రాయండి. గద్ద కనబడితే "కనబడింది" అని, లేకపోతే "కనబడలేదు" అని రాయండి. నీటి రంగు, వాసన రాయండి. తప్పులు పోతే పోనీయండి. కింద సంతకం పెట్టండి.

ఒక్కరు రాస్తే ఒక కాగితం. బస్తీ అంతా రాస్తే సాక్ష్యం. ఈసారి ఎవరైనా తేదీ అడిగితే మన నోటుబుక్కు తెరిచి చూపిద్దాం.

రేపు పొద్దున కట్ట మీద కలుద్దాం. సెలవు.